కాగితం మీద కాలువలు: తేలికైన మైక్రోఫ్లూయిడిక్ పరికరాలు సొంతంగా చేసుకోవడం ఎలా?

నీరు పల్లమెరుగు అంటారు. కానీ ఒక ఫిల్టర్ పేపర్ ముక్కను నిలబెట్టి దాని కొసను నీళ్లలో ముంచి చూడండి. నీరు పల్లం వెతుక్కోదు, పీచుల మధ్య సందుల్ని పట్టుకుని పైకి ఎగబాకుతుంది. పంపు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. కాగితం మీద పనిచేసే మైక్రోఫ్లూయిడిక్స్ అంతా ఈ గుణం మీదే నిలబడింది. సన్నటి కాలువలు గీసి, చుక్క ద్రవాన్ని మనం చెప్పిన దారిన నడిపించి, అది చేరిన చోట రంగు మారిందో లేదో చూస్తాం. ఇంట్లో చేసుకునే ప్రెగ్నెన్సీ స్ట్రిప్ లోపల జరిగేది కూడా ఇంచుమించు ఇదే.

ఆలోచన కొత్తదేమీ కాదు. 1949లోనే ముల్లర్, క్లెగ్ అనే ఇద్దరు ఫిల్టర్ పేపర్ మీద పారఫిన్ మైనంతో గట్లు కట్టి, ద్రవాన్ని ఆ మధ్యలోనే నడిపించారు. తర్వాత దాన్ని చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2007లో హార్వర్డ్‌లో జార్జ్ వైట్‌సైడ్స్ బృందం చిన్న కాగితం ముక్క మీద ఒకే నమూనాతో గ్లూకోజ్, ప్రోటీన్ రెండింటినీ పరీక్షించి చూపాక అందరి చూపూ మళ్లీ కాగితం మీద పడింది.

ఇక్కడ రెండు పరికరాలు చేద్దాం. ఒకటి కాగితం మీద మూడు చేతుల గ్లూకోజ్ పరీక్ష. రెండోది డబుల్ సైడ్ టేపుతో చేసే పారదర్శకమైన చిప్. ముందే ఒక మాట: ఇవి నేర్చుకోవడానికి, పరిశోధనకు మాత్రమే. వీటి రీడింగు చూసి ఎవరూ మందు డోసు మార్చకూడదు.

చుక్క చిన్నదైతే లెక్కలు మారతాయి

పని మొదలుపెట్టే ముందు మూడు సంగతులు బుర్రలో ఉంటే తర్వాత సగం తలనొప్పులు తప్పుతాయి.

మొదటిది, సన్నటి కాలువలో నీరు సుడి తిరగదు. 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కాలువలో సెకనుకు 1 మిల్లీమీటరు వేగంతో నీరు పోతుంటే రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహపు ఊపుకూ ద్రవపు జిగటకూ ఉన్న నిష్పత్తి) 0.1 దగ్గర ఉంటుంది. మామూలు గొట్టాల్లో అది సుమారు 2,000 దాటితే గానీ అలజడి మొదలవదు. అంటే రెండు రంగుల నీళ్లను ఒకే కాలువలోకి వదిలితే అవి పక్కపక్కనే రెండు పాయలుగా పోతాయి, కలవవు.

రెండోది, కలిసేది వ్యాపనంతోనే, అంటే అణువులు వాటంతటవే మెల్లగా పాకడంతోనే. నీటిలో చిన్న అణువు 100 మైక్రాన్ల దూరం పాకడానికి దాదాపు 10 సెకన్లు పడుతుంది. అదే 1 మిల్లీమీటరుకు 1,000 సెకన్లు, అంటే పావుగంట పైమాటే. దూరం పదింతలైతే సమయం వందింతలు. చిప్‌లో రసాయనాలు కలవడం లేదని వాపోయే ముందు ఈ లెక్క వేసుకోండి.

మూడోది, గోడల పెత్తనం. 10 మి.మీ. పొడవు, 1 మి.మీ. వెడల్పు, 0.1 మి.మీ. ఎత్తున్న కాలువలో పట్టేది సరిగ్గా 1 మైక్రోలీటరు, అంటే మిల్లీలీటరులో వెయ్యో వంతు. అంత చిన్న చుక్కకు గోడ తడిసే రకమా, నీటిని తోసేసే రకమా అన్నదే ముఖ్యం. ఆవిరైపోవడం కూడా పెద్ద సమస్యే. బీకరులో ఎవరూ లెక్కచేయని ఆవిరి, ఇక్కడ ప్రయోగాన్నే మింగేస్తుంది.

మొదటి పరికరం: మూడు చేతుల కాగితం

*కాగితం, బొమ్మ.* వాట్‌మన్ గ్రేడ్ 1 ఫిల్టర్ పేపర్‌తో మొదలుపెట్టండి. మందం 180 మైక్రాన్లు, రంధ్రాల సైజు 11 మైక్రాన్లు. ఎక్కువ మంది వాడేది ఇదే కాబట్టి మీ ఫలితాల్ని ఇతరుల వాటితో పోల్చుకోవచ్చు. టిష్యూ, కాఫీ ఫిల్టర్ లాంటివి సాధనకు ఫర్వాలేదు కానీ కొలతలకు నమ్మలేం. కాగితాన్ని చేతి గ్లవ్స్‌తోనే పట్టుకోండి, వేళ్ల జిడ్డు అంటిన చోట నీరు వంకర పోతుంది.

మధ్యలో 6 మి.మీ. వ్యాసంతో ఒక గుండ్రటి మడి. అక్కడినుంచి మూడు దిక్కులకు 3 మి.మీ. వెడల్పు, 8 మి.మీ. పొడవున్న కాలువలు. ఒక్కో కాలువ కొసన 5 మి.మీ. మడి. బొమ్మ అంతే. మొదటిసారే పది మడులు, మలుపులు పెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది, ఆ సరదా ఆపుకోండి.

ఇది ఎంత ద్రవం తాగుతుందో ఇప్పుడే లెక్కకట్టండి. మడులు, కాలువలు అన్నీ కలిపి దాదాపు 160 చదరపు మిల్లీమీటర్లు. దాన్ని 0.18 మి.మీ. మందంతో గుణిస్తే 29 మైక్రోలీటర్ల చోటు. అందులో పీచు ఆక్రమించింది పోను సుమారు 20 మైక్రోలీటర్లు మిగులుతుంది. నమూనా పరిమాణం అదే. అంతకన్నా తక్కువ పోస్తే కొసలకు చేరదు, బాగా ఎక్కువ పోస్తే గట్టు మీంచి పొంగి పొర్లుతుంది.

*గట్లు కట్టడం.* మైనాన్ని వాడే ఘన ఇంకు ప్రింటరు దొరికితే పని హాయిగా ఉంటుంది. ఇప్పుడవి కొత్తవి దొరకడం కష్టం. మైనం క్రేయాన్‌తో చేత్తో గీసినా పని నడుస్తుంది. కాగితం కింద లైట్ పెట్టి, బొమ్మ అంచుల వెంట రెండువైపులా ఒకే గీత మీద గట్టిగా గీయండి. రెండు వైపుల గీతలు ఒకదాని మీద ఒకటి పడకపోతే మధ్యలో సొరంగం మిగిలి, నీరు అందులోంచి జారుకుంటుంది.

తర్వాత వేడి. హాట్ ప్లేట్‌ను 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెట్టి కాగితాన్ని రెండు నిమిషాలు ఉంచండి. ఇస్త్రీ పెట్టె వాడితే పైనా కిందా బేకింగ్ పేపర్ పెట్టి, తక్కువ వేడితో మొదలుపెట్టండి. మైనం కరిగి కాగితం లోపలికి, అటూ ఇటూ పక్కలకీ పాకుతుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: పక్కలకి పాకే సంగతి ముందే లెక్కలోకి తీసుకోరు. ప్రింటరుతో వేసిన 0.3 మి.మీ. గీత కరిగాక దాదాపు 0.85 మి.మీ. వెడల్పు గట్టు అవుతుంది. క్రేయాన్ గీత ఇంకా ఎక్కువ పాకొచ్చు. అందుకే బొమ్మలో కాలువను కావాల్సిన దానికన్నా ఒక మిల్లీమీటరు వెడల్పుగా గీసుకోండి. వేడి ఎక్కువైతే రెండు గట్లూ కలిసిపోయి కాలువ మూసుకుపోతుంది. తక్కువైతే మైనం కింది దాకా దిగదు. కాగితాన్ని తిరగేసి చూడండి, వెనకవైపు కూడా గీత అంతే ముదురుగా కనిపిస్తే గట్టు నిలిచినట్టే.

చల్లారాక వెనకవైపు మొత్తం పారదర్శకమైన టేపు అంటించండి. లేకపోతే చుక్క కిందికి దిగి బల్లను తడుపుతుంది.

*రంగునీళ్ల పరీక్ష.* రసాయనాల జోలికి పోకముందు ఫుడ్ కలర్ కలిపిన నీళ్లు 20 మైక్రోలీటర్లు మధ్య మడిలో వేయండి. పైపెట్ లేకపోతే 100 యూనిట్ల మార్కున్న 1 మి.లీ. ఇన్సులిన్ సిరంజి పనికొస్తుంది, అందులో 2 యూనిట్లంటే 20 మైక్రోలీటర్లు. 40 యూనిట్ల రకం సిరంజిలో ఒక యూనిట్‌కే 25 మైక్రోలీటర్లు వస్తుంది, అది చూసుకోండి.

ఫోన్‌లో వీడియో తీస్తూ రంగు ఎంత దూరం ఎప్పుడు చేరిందో రాసుకోండి. కాగితంలో ప్రవాహం పోనుపోను మందగిస్తుంది. దూరం సమయపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. అంటే మొదటి సెంటీమీటరుకు 15 సెకన్లు పడితే, రెండు సెంటీమీటర్లకు 60, మూడింటికి 135. కాలువ పొడవు రెట్టింపు చేస్తే సమయం నాలుగింతలు అన్నమాట. మూడు చేతుల్లో రంగు ఒకేసారి కొసలకు చేరకపోతే ఎక్కడో గట్టు లోపలికి పాకింది, లేదా కాగితం పీచు ఒకవైపుకే వాలి ఉంది. ఇలాంటి పది ముక్కలు చేసి అందులో ఎనిమిదైనా ఒకేలా నడిచేదాకా ముందుకు వెళ్లకండి. ఈ దశ విసుగ్గానే ఉంటుంది. కానీ ఇక్కడ దాటేసిన లీకేజీ రేపు గ్లూకోజ్ రీడింగులా కనిపించి మోసం చేస్తుంది.

ఇంకొకటి. మైనం గట్టు మామూలు నీటిని ఆపుతుంది గానీ సబ్బు నీటిని, ఆల్కహాల్‌ను ఆపలేదు. తలతన్యత తక్కువగా ఉన్న ద్రవాలు గట్టులోకి ఇంకిపోతాయి. మీ నమూనాలో డిటర్జెంట్ ఉంటే ఈ పద్ధతి మీకు కాదు.

*రసాయనాలు.* గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ గాలిలోని ఆక్సిజన్ సాయంతో గ్లూకోజ్‌ను గ్లూకోనిక్ ఆమ్లంగా మారుస్తూ హైడ్రోజన్ పెరాక్సైడ్ విడుదల చేస్తుంది. రెండో ఎంజైమ్ పెరాక్సిడేజ్ ఆ పెరాక్సైడ్‌ను వాడుకుని అయొడైడ్‌ను అయొడిన్‌గా మారుస్తుంది. తెల్ల కాగితం గోధుమ రంగుకు తిరుగుతుంది.

10 మి.లీ. నీటిలో 1 గ్రాము పొటాషియం అయొడైడ్ కరిగిస్తే 0.6 మోలార్ ద్రావణం వస్తుంది. ఎంజైమ్ మిశ్రమానికి పీహెచ్ 6 ఫాస్ఫేట్ బఫర్‌లో (ఆమ్లత మారకుండా నిలిపే ద్రావణం) మి.లీ.కి 120 యూనిట్ల గ్లూకోజ్ ఆక్సిడేజ్, 30 యూనిట్ల పెరాక్సిడేజ్‌తో మొదలుపెట్టండి. దానికి 0.3 మోలార్ ట్రెహలోజ్ అనే చక్కెర చేరిస్తే ఎండిపోయినప్పుడు ఎంజైమ్‌లు పాడవకుండా కాపాడుతుంది.

5 మి.మీ. మడిలో పీచు పోను పట్టేది రెండున్నర మైక్రోలీటర్లే. కాబట్టి ముందు అయొడైడ్ 1 మైక్రోలీటరు వేసి ఆరనివ్వండి, తర్వాత ఎంజైమ్ మిశ్రమం 1 మైక్రోలీటరు. ఇంత చిన్న కొలతకు సిరంజి చాలదు, మైక్రోపైపెట్ ఉండాల్సిందే. చీకట్లో, గది వేడిలోనే అరగంట ఆరబెట్టండి. తొందరపడి హెయిర్ డ్రయర్ పెడితే ఎంజైమ్ పోతుంది.

మూడు చేతులు ఎందుకో ఇప్పుడు చెప్పాలి. మొదటి చేతిలో అసలు పరీక్ష. రెండో చేతిలో అయొడైడ్ మాత్రమే, ఎంజైమ్ ఉండదు, అది తెల్లగానే ఉండాలి. అక్కడ రంగు వచ్చిందంటే నమూనాలో ఇంకేదో అయొడైడ్‌ను మారుస్తోందని అర్థం. మూడో చేతి కొసన పూర్తి రసాయనాలు, కాలువ మధ్యలో కాస్త గ్లూకోజ్ ఎండబెట్టి ఉంచుతాం. నీటి చుక్క వేసినా అక్కడ రంగు రావాలి. రాకపోతే ఎంజైమ్‌లు చచ్చిపోయినట్టు. ఆ గ్లూకోజ్‌ను మడిలోనే వేస్తే ఆరేలోపే రంగు తిరిగిపోతుంది, అందుకే కాలువ మధ్యలో. వెనక్కి పాకి మిగతా చేతుల్ని పాడుచేయదా అంటే, ప్రవాహం బయటివైపుకే ఉంటుంది, వ్యాపనానికి ఒక్క మిల్లీమీటరుకే పావుగంట పడుతుందని పైన చూశాం.

*స్టాండర్డ్ కర్వ్.* తెలిసిన గాఢతలకు ఎంతెంత రంగు వస్తుందో చూపే గీత ఇది. 100 మి.లీ. నీటిలో 0.36 గ్రాముల గ్లూకోజ్ వేస్తే లీటరుకు 20 మిల్లీమోల్స్. రక్తపరీక్షల్లో కనిపించే కొలతలో చెప్పాలంటే డెసిలీటరుకు 360 మిల్లీగ్రాములు. దీన్ని పలచన చేస్తూ 10, 5, 2.5, 1 తయారుచేసుకోండి, ఉత్త నీటిని సున్నాగా పెట్టుకోండి.

కలిపిన ద్రావణాన్ని రాత్రంతా అలా వదిలేయండి. పొడి గ్లూకోజ్ సాధారణంగా ఆల్ఫా రూపంలో ఉంటుంది, ఎంజైమ్‌కు కావాల్సింది బీటా రూపం. నీటిలో కొన్ని గంటలకు గానీ ఆ రెండూ సమతౌల్యానికి రావు. ఈ సంగతి తెలియక నేను అప్పుడే కలిపిన గ్లూకోజ్‌తో చేసి, పొద్దున ఒక గీత, సాయంత్రం ఇంకో గీత వస్తుంటే రెండు రోజులు టెన్షన్ పడ్డాను. తప్పంతా పైపెట్ మీద తోసేశాను పాపం.

ఒక్కో గాఢతకు కనీసం మూడు కాగితాలు వాడండి. చుక్క వేసిన దగ్గర్నుంచి సరిగ్గా 10 నిమిషాలకు ఫొటో తీయండి, స్కానర్ ఉంటే ఇంకా మేలు. పరీక్ష మడుల మీద పైన టేపు వేయొద్దు. నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ లీటరుకు 0.25 మిల్లీమోల్స్ మాత్రమే, అది చాలదు. మిగతాది గాలి నుంచే రావాలి.

ఫొటోను ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, నీలం చానల్‌లో మడి మొత్తం సగటు కొలవండి. గోధుమ రంగు నీలాన్నే ఎక్కువగా మింగుతుంది కాబట్టి తేడా అక్కడే బాగా తెలుస్తుంది. రంగు అంచుల్లో ఉంగరంలా పేరుకుంటుంది, అందుకే ముదురుగా ఉన్న చోటు ఏరుకుని కొలవకండి. సున్నా ద్రావణపు రీడింగుల సగటు నుంచి, వాటి ప్రామాణిక విచలనానికి (రీడింగులు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) మూడింతల దూరం దాటిన సంకేతాన్నే నిజమైన రంగుగా లెక్కపెట్టండి. దానికి కావాల్సిన గాఢతే మీ పరికరం గుర్తుపట్టగల కనీస మోతాదు.

నమూనాలో విటమిన్ సి ఉంటే అయొడిన్‌ను మళ్లీ అయొడైడ్‌గా మార్చేసి రంగును చెరిపేస్తుంది. గ్లూకోజ్ ఉన్నా లేనట్టు చూపిస్తుంది. మీ స్టాండర్డ్ ద్రావణంలో చిటికెడు విటమిన్ సి కలిపి ఒకసారి చూడండి, ప్రయోగశాలలో బాగా పనిచేసిన పరీక్ష బయట ఎందుకు తడబడుతుందో కళ్లకు కడుతుంది.

రక్తం సంగతి

రక్తం మీద ప్రయోగం చేయాలని అందరికీ ఉంటుంది. శిక్షణ, జీవభద్రత ఏర్పాట్లు, అనుమతులు లేకుండా ఆ పని వద్దు. పైగా పలచన చేయని రక్తం ఈ కాగితంలో సరిగ్గా నడవదు. ఎర్రకణాలు సందుల్ని మూసేస్తాయి, వాటి రంగు గోధుమ రంగును మింగేస్తుంది. ముందు ప్లాస్మాను వేరు చేయాలి, దానికి వేరే పొర కావాలి, లేదా సెంట్రిఫ్యూజ్ (గిరగిరా తిప్పి బరువైన కణాలను వేరు చేసే యంత్రం). ఇక్కడ 2017లో స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం చేసిన పని చెప్పుకోవాలి. బొత్తానికి దారం కట్టి లాగుతూ తిప్పే పిల్లల ఆటవస్తువు సూత్రంతో, 2 గ్రాముల కాగితపు సెంట్రిఫ్యూజ్ చేశారు. అది నిమిషానికి 1,25,000 చుట్లు తిరిగి ఒకటిన్నర నిమిషంలోపే ప్లాస్మాను వేరు చేసింది.

రెండో పరికరం: టేపు చిప్

ప్రవాహం ఆగకుండా సాగాలన్నా, మైక్రోస్కోపు కింద చూడాలన్నా కాగితం పనికిరాదు. రెండు పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్లు, మధ్యలో డబుల్ సైడ్ టేపు చాలు. టేపులో కాలువ ఆకారాన్ని పదునైన బ్లేడుతో కోసి తీసేయండి. టేపు మందమే కాలువ ఎత్తు, కాబట్టి కొనేటప్పుడే ఎన్ని మైక్రాన్లో చూసుకోండి. పై షీటులో ముందే రంధ్రాలు చేసుకోవాలి, అంటించాక చేస్తే చెత్తంతా కాలువలో పడుతుంది. మొదటి బొమ్మగా వై ఆకారం వేయండి: రెండు ప్రవేశాలు, ఒక నిష్క్రమణ. అంటించాక ఒక గుండ్రటి పెన్ను అంచుతో కాలువ పక్కల వెంట గట్టిగా రుద్దండి. గాలి మిగిలిన చోట టేపు తెల్లగా కనిపిస్తుంది, లీకయ్యేది అక్కడే.

పంపు బదులు, ప్లంజర్ తీసేసిన సిరంజి గొట్టాలను రంధ్రాల మీద అతికించి నీరు నింపితే చాలు. సామెత ఇక్కడ మళ్లీ పనికొస్తుంది, నీటిమట్టం తేడాయే ప్రవాహాన్ని నడిపిస్తుంది. 10 సెం.మీ. తేడా ఇచ్చే ఒత్తిడి దాదాపు 1,000 పాస్కల్స్. 1 మి.మీ. వెడల్పు, 0.1 మి.మీ. ఎత్తు, 3 సెం.మీ. పొడవున్న కాలువలో దానితో నిమిషానికి సుమారు 150 మైక్రోలీటర్లు పారుతుంది. టేపు మందం సగమైతే అది సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఎందుకంటే ప్రవాహం ఎత్తు ఘనాన్ని బట్టి మారుతుంది. రెండు ప్రవేశాల్లో రెండు రంగులు పోస్తే పాయలు పక్కపక్కనే పోవడం కళ్లారా చూడొచ్చు.

బుడగలే ఇక్కడ అసలు శత్రువు. ఒక్క బుడగ కాలువను పూర్తిగా మూసేస్తుంది. నీరు నింపే ముందు 0.1 శాతం ట్వీన్ 20 (సబ్బు లాంటి రసాయనం) కలిపిన నీటిని మెల్లగా పంపండి, గోడలు తడుస్తాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన ద్రావణాన్ని వెంటనే వాడకండి, వేడెక్కేకొద్దీ అందులో కరిగిన గాలి బుడగలై బయటికొస్తుంది. జీవకణాలు పెంచాలనుకుంటే మీ టేపు జిగురు వాటిని చంపదని ముందు విడిగా పరీక్షించుకోండి.

పీడీఎంఎస్ సిలికోన్ రబ్బరు సంగతి రెండు ముక్కల్లో. బేస్, క్యూరింగ్ ఏజెంట్ 10:1 బరువులో కలిపి, వాక్యూమ్‌లో బుడగలు తీసి, అచ్చులో పోసి 65 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి, ప్లాస్మాతో (రక్తపు ప్లాస్మా కాదు, విద్యుదావేశం ఉన్న వాయువు) ఉపరితలాన్ని సిద్ధం చేసి గాజుకు అతికిస్తారు. 50 మైక్రాన్ల కన్నా సన్నటి వివరాలు కావాలంటే అదే మార్గం. కానీ నీటిలో సరిగా కరగని చిన్న అణువుల్ని ఆ రబ్బరు పీల్చేసుకుంటుంది. మందుల మోతాదు కొలిచే ప్రయోగంలో మందు గోడల్లోకి పోయి, కణాలకు తక్కువ అందుతుంది. చాలా పనులకు టేపు చిప్ చాలు అని నా అభిప్రాయం.

వాడేవాళ్ల చేతికి ఇచ్చే ముందు

తయారు చేయడం తేలికైనంత మాత్రాన వాడటం తేలికని కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్షేత్రస్థాయి పరీక్షలకు పెట్టుకున్న కొలమానాల్లో చవక, సున్నితత్వం, నిర్దిష్టతతో (వేరే పదార్థాన్ని చూసి పొరబడకపోవడం) పాటు వాడకంలో సౌలభ్యం, వేగం, దృఢత్వం, వేరే యంత్రం అక్కర్లేకపోవడం, అవసరమైన వారికి చేరడం కూడా ఉన్నాయి. ల్యాబ్‌లో మనం మొదటి మూడింటితోనే సరిపెట్టుకుంటాం.

కాగితాలను సిలికా జెల్ వేసిన వెలుతురు చొరని సంచుల్లో సీల్ చేసి, కొన్నిటిని ఫ్రిజ్‌లో, కొన్నిటిని బయట ఉంచండి. వారానికోసారి ఒక్కో చోటినుంచి మూడేసి తీసి 5 మిల్లీమోల్స్ ద్రావణంతో పరీక్షించి, మూడో చేతి రంగు ఎప్పుడు పలచబడిందో రాసుకోండి. మీ పరికరం గడువు తేదీ అక్కడినుంచే వస్తుంది.

చివరగా, దీన్ని ఎప్పుడూ చూడని ఒకరి చేతికి కాగితం, రంగునీళ్లు ఇచ్చి ఏమీ చెప్పకుండా పక్కన కూర్చోండి. నోరు మూసుకుని ఉండటం కష్టమే. నేను ఇచ్చిన మనిషి చుక్కను మధ్యలో కాకుండా నేరుగా చివరి మడిలో వేశారు, అదే పెద్దగా కనిపించిందట. ఆ రోజే మధ్య మడి చుట్టూ చుక్క సైజులో నల్ల వలయం గీశాను. తర్వాత ఇచ్చిన ముగ్గురూ అడక్కుండానే అక్కడే వేశారు.